ఎముకలో, పంటిలో కొల్లాజెన్ కొలవాలంటే ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

ఎండీఎస్ (దంతవైద్య పీజీ) థీసిస్ వాళ్లు, వెటర్నరీ పీజీలు, బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీలు అందరిదీ ఒకే ప్రశ్న: "కొల్లాజెన్ ఎస్టిమేషన్‌కి ఏ మెథడ్ మంచిది సార్?" దీనికి నా దగ్గర సూటి జవాబే ఉంది, కింద చెప్తాను. అయితే అంతకన్నా ముందు తేలాల్సిన సంగతి ఇంకోటుంది. కొల్లాజెన్ అంటే ఎముకలో, పంటిలో పోగుల్లా అల్లుకుని ఉండే ప్రోటీన్. అది ఇంత శాతం అని రాస్తాం కదా, దేనిలో శాతం? తడి ఎముక బరువులోనా, ఆరబెట్టిన ఎముక బరువులోనా, ఖనిజం తీసేశాక మిగిలిన మెత్తటి ముద్దలోనా, లేక ఘనపరిమాణంలోనా? పంటిలో ఎనామెల్ అనే పైపొర కింద ఉండే డెంటిన్‌నే తీసుకోండి. బరువు లెక్కన అందులో సేంద్రియ పదార్థం 20 శాతం దగ్గర ఉంటుంది. ఘనపరిమాణం లెక్కన చూస్తే అదే 30 శాతం పైమాటే, ఎందుకంటే ఖనిజానికి బరువెక్కువ, అది తీసుకునే చోటు తక్కువ. ఖనిజం పూర్తిగా తీసేసి, ఆరబెట్టి తూస్తే మిగిలిందాంట్లో 90 శాతం దాకా కొల్లాజెనే. మూడు అంకెలూ నిజమే. పేపర్ల మధ్య కనిపించే తేడాల్లో చాలా భాగం పద్ధతుల వల్ల వచ్చింది కాదు, హారం వేరు కావడం వల్ల వచ్చింది. సినాప్సిస్ రాసేటప్పుడే "ఆరబెట్టిన, కొవ్వు తీసిన బరువులో శాతం" అని ఒక్క మాట రాసిపెట్టుకుంటే తర్వాత గైడ్ దగ్గర, ఎగ్జామినర్ దగ్గర సగం తలనొప్పి తగ్గుతుంది.

మామూలు ఎముకలో బరువు లెక్కన ఖనిజం 60 నుంచి 70 శాతం, నీళ్లు 10 శాతం దగ్గర, మిగతాది సేంద్రియం. ఆ సేంద్రియంలో 90 శాతం దాకా టైప్ 1 కొల్లాజెన్. కాబట్టి ఆరబెట్టిన మంచి ఎముకలో జవాబు 20 నుంచి 25 శాతం మధ్య ఎక్కడో పడాలి. డెంటిన్‌లో దానికి కొంచెం తక్కువ. మీకు 5 శాతమో 45 శాతమో వస్తే ముందు అనుమానించాల్సింది లెక్కని, ఎముకని కాదు.

ఎనామెల్ సంగతి పూర్తిగా వేరు. ముదిరిన ఎనామెల్ 96 శాతం ఖనిజం, సేంద్రియం 1 శాతం దగ్గర, అందులో కొల్లాజెన్ లేనట్టే. నల్గొండ వైపు ఫ్లోరోసిస్ పళ్ల మీద థీసిస్ పెట్టుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. పైకి కనిపించే మచ్చలన్నీ ఎనామెల్‌లోవి. ఆ మచ్చల దగ్గర కొల్లాజెన్ కొలుద్దామనుకుంటే కొలవడానికి ఏమీ ఉండదు. కొలిస్తే కింద ఉన్న డెంటిన్‌లో కొలవాలి, లేదంటే వేర్ల మీది సిమెంటంలో. పంటిని మొత్తంగా పొడి చేసి కొలిచేవాళ్లు కూడా ఉన్నారు. ఆ పొడిలో సగం ఎనామెల్ అయితే 18 శాతం రావాల్సిన చోట 9 వస్తుంది, దాన్ని చూసి "కొల్లాజెన్ తగ్గింది" అని తీర్మానం రాసేస్తారు. డైమండ్ డిస్కుతో ఎనామెల్ వేరు చేసి, పల్ప్ (పంటి లోపలి మెత్తటి భాగం) పూర్తిగా తీసేశాకే పొడి చేయండి. పల్ప్‌లో టైప్ 1తో పాటు టైప్ 3 కొల్లాజెన్ కూడా ఉంటుంది కాబట్టి అది కలిస్తే లెక్క ఇంకో దిక్కు నుంచి చెడుతుంది.

బతికున్న మనిషి ఎముకలో కొల్లాజెన్ ఎంతుందో తెలుసుకోవాలని ఇది చదువుతున్నవాళ్లుంటే వాళ్లకొక మాట. డెక్సా స్కాన్ చూసేది ఖనిజాన్ని. రక్తంలో చేసే సీటీఎక్స్, పీ1ఎన్‌పీ పరీక్షలు ఎముక ఎంత వేగంగా అరుగుతోందో, ఎంత వేగంగా కడుతోందో చెప్తాయి తప్ప లోపల కొల్లాజెన్ నిల్వ ఎంతో చెప్పవు. ఎముకలు ఊరికే విరిగే ఆస్టియోజెనెసిస్ ఇంపెర్ఫెక్టా లాంటి జబ్బు అనుమానం ఉంటే చాలామందిలో తేలేది జన్యు పరీక్షలో, కొల్లాజెన్ శాతంలో కాదు. ఇక్కడి నుంచి చెప్పేదంతా చేతిలో నమూనా ఉన్నవాళ్ల కోసం.

ముందు చూడాల్సింది హైడ్రాక్సీప్రోలిన్

సూటి జవాబు ఇదే. మొత్తం కొల్లాజెన్ ఎంత అన్నదే మీ ప్రశ్న అయితే, నమూనా పొడైపోయినా పరవాలేదు అనుకుంటే, యాసిడ్‌లో విడగొట్టి హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లాన్ని కొలవండి. మిగతావన్నీ ప్రశ్న వేరైనప్పుడు ఎంచుకునేవి.

కారణం కొల్లాజెన్ కట్టుబడిలోనే ఉంది. మూడు గొలుసులు పెనవేసుకున్న ఆ నిర్మాణాన్ని 1954లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. గొలుసులో ప్రతి మూడో అమైనో ఆమ్లం గ్లైసీన్. మిగతా రెండు స్థానాల్లో ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్ ఎక్కువ. హైడ్రాక్సీప్రోలిన్ వేరే ప్రోటీన్లలో అరుదు. ఎలాస్టిన్‌లో కాస్త ఉంటుంది కానీ ఎముకలో, డెంటిన్‌లో దాని లెక్క పట్టించుకోనక్కర్లేదు. అంటే హైడ్రాక్సీప్రోలిన్ దొరికితే కొల్లాజెన్ దొరికినట్టే. తోళ్ల పరిశ్రమ, మాంసం పరిశ్రమ ఏళ్ల తరబడి ఇదే పట్టుకుని నడుస్తున్నాయి. తోలంటేనే కొల్లాజెన్ కదా. అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉన్న యలవర్రు నుంచి వెళ్లి మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు డైరెక్టర్‌గా చేసిన యలవర్తి నాయుడమ్మ గారి చదువూ పనీ కూడా ఈ ప్రోటీన్ చుట్టూనే తిరిగాయి. తెలుగువాళ్లకు కొల్లాజెన్ అంత పరాయిదేం కాదు.

పని ఇలా సాగుతుంది. పొడిని 6 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో, మూత గట్టిగా బిగించిన గొట్టంలో, 110 డిగ్రీల దగ్గర 16 నుంచి 24 గంటలు ఉంచాలి. ప్రోటీన్ మొత్తం అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది, ఖనిజం కూడా కరిగిపోతుంది. అంటే కొల్లాజెన్ కోసం ముందుగా ఖనిజం తీయాల్సిన పనే లేదు. తర్వాత క్లోరమిన్-టి వేస్తే హైడ్రాక్సీప్రోలిన్ ఆక్సీకరణం చెందుతుంది. దానికి ఎర్లిక్ రీఏజెంట్ కలిపి 60 డిగ్రీల పైన కాసేపు వేడి చేస్తే గులాబీ ఎరుపు తేలుతుంది. 550 నుంచి 560 నానోమీటర్ల మధ్య రీడింగ్ తీయడమే. జిల్లా స్థాయి కాలేజీలో కూడా ఉండే మామూలు స్పెక్ట్రోఫోటోమీటర్ చాలు.

ఒక లెక్క వేసి చూద్దాం. 10 మిల్లీగ్రాముల ఎముక పొడి తీసుకుని 1 మిల్లీలీటర్ యాసిడ్‌లో విడగొట్టారు. అందులో 22 శాతం కొల్లాజెన్ అనుకుంటే 2.2 మిల్లీగ్రాములు. కొల్లాజెన్‌లో హైడ్రాక్సీప్రోలిన్ 13.4 శాతం అనుకుంటే 295 మైక్రోగ్రాములు. మీ స్టాండర్డ్ కర్వ్ (తెలిసిన మోతాదులతో గీసుకున్న గ్రాఫ్) మిల్లీలీటర్‌కు 10 మైక్రోగ్రాముల దాకానే ఉందనుకోండి, ఆ ద్రావణాన్ని నేరుగా పెడితే రీడింగ్ కర్వ్ దాటి ఎక్కడికో పోతుంది. 50 రెట్లు పలచన చేస్తే 5.9 వస్తుంది, కర్వ్ నడిమధ్యలో. ఈ లెక్క ప్రయోగానికి ముందే కాగితం మీద వేసుకోవాలి. కిట్ పుస్తకంలో రాసిన పలచన సాధారణంగా చర్మానికో కాలేయానికో సరిపోయేది. ఎముకకు అదే వాడితే ట్యూబులన్నీ ఒకే ముదురు రంగులో కనపడతాయి, దేనికీ దేనికీ తేడా తెలియదు.

పలచన చేయడంలో ఇంకో లాభం కూడా ఉంది. క్లోరమిన్-టి చర్య పీహెచ్ 6 దగ్గర బాగా నడుస్తుంది. యాసిడ్ మిగిలిపోతే రంగు తక్కువ వస్తుంది, కొల్లాజెన్ తక్కువని తేలుతుంది. అందుకని చాలామంది విడగొట్టిన ద్రావణాన్ని నేరుగా సోడియం హైడ్రాక్సైడ్‌తో సరిచేస్తారు. ఎముక, డెంటిన్ విషయంలో అక్కడే చిక్కు. అందులో కరిగి ఉన్న కాల్షియం, ఫాస్ఫేట్ రెండూ యాసిడ్ తగ్గగానే తెల్లటి మడ్డిగా బయటపడతాయి. ఆ మసక రీడింగ్‌ని పెంచేస్తుంది. ముందు పలచన చేసి, తర్వాత పీహెచ్ చూసి, సెంట్రిఫ్యూజ్ తిప్పి, పైతేట మాత్రమే తీసుకోండి. కాంతికి అడ్డం పట్టి చూస్తే ట్యూబ్ అద్దంలా ఉండాలి. గోధుమ రంగు నలుసులు కనిపిస్తే వడగట్టాలి.

ఇక గుణకం సంగతి. హైడ్రాక్సీప్రోలిన్‌ని కొల్లాజెన్‌గా మార్చడానికి కొందరు 7.14తో హెచ్చిస్తారు, కొందరు 7.46తో. మాంసం పరిశ్రమ లెక్క 8. పైన చెప్పిన అదే 295 మైక్రోగ్రాములకు ఇవి వరసగా 21.1, 22.0, 23.6 శాతం ఇస్తాయి. రెండు కాలేజీల థీసిస్‌లు పోల్చి "ఇక్కడి ఎముకల్లో కొల్లాజెన్ 12 శాతం ఎక్కువ" అన్నారంటే అది పూర్తిగా ఈ గుణకం మహిమే కావచ్చు. నా మాట వింటే హైడ్రాక్సీప్రోలిన్ విలువని కూడా టేబుల్‌లో పక్కనే పెట్టండి. చదివేవాళ్లు తమకు నచ్చిన గుణకంతో తిరిగి లెక్క కట్టుకుంటారు.

పాత ప్రొటోకాల్స్‌లో ఎర్లిక్ రీఏజెంట్‌ని పెర్క్లోరిక్ యాసిడ్‌లో కలపమని ఉంటుంది. దాని ఆవిరి డక్టుల్లో పేరుకుని పేలుడుకి దారితీసే లవణాలుగా మారగలదు, దానికి ప్రత్యేకమైన ఫ్యూమ్ హుడ్ కావాలి. మామూలు పీజీ ల్యాబ్‌లో అది ఉండదు. 2017లో దాని బదులు హైడ్రోక్లోరిక్ యాసిడ్ వాడే మార్పు ప్రచురితమైంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాన్నే తీసుకోండి, వెనక్కి చూడనక్కర్లేదు.

కిట్ కొనాలా, రీఏజెంట్లు సొంతంగా కలుపుకోవాలా? లోపల రసాయనం ఒకటే. 20 నమూనాలు ఒకసారి చేసి వదిలేసేవాళ్లకు కిట్ సుఖం. వందల్లో నమూనాలున్నవాళ్లు సొంతంగా కలుపుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. కిట్ కొన్నా అందులో 3 గంటల విడగొట్టుడు రాసి ఉంటే ఎముకకు దాన్ని గుడ్డిగా నమ్మకండి. ఒకే నమూనాని 3 గంటలు, 16 గంటలు, 24 గంటలు ఉంచి చూడండి, రీడింగ్ ఎక్కడ నిలకడగా ఆగితే అదే మీ సమయం. క్లోరమిన్-టి ద్రావణం మాత్రం ఏ రోజుకారోజు కలుపుకోవాల్సిందే.

ఇంకో పరీక్ష తప్పకుండా చేయాలి. విడగొట్టిన ద్రావణంలో తెలిసిన మోతాదులో హైడ్రాక్సీప్రోలిన్ కలిపి, కలిపినంతా తిరిగి కనిపిస్తోందా అని చూడటం. 90 నుంచి 110 శాతం మధ్య తిరిగొస్తే సరే. 70 వస్తే మీ ద్రావణంలో రంగుని అణిచేసేది ఏదో ఉంది, అది తేలేదాకా ముందుకు పోకూడదు.

హెచ్‌పీఎల్‌సీ ఎప్పుడు?

అమైనో ఆమ్లాలను ఒక్కొక్కటిగా వేరుచేసి కొలిచే యంత్రం ఇది. వాడాల్సింది మరీ చిన్న నమూనా ఉన్నప్పుడు, లేదా హైడ్రాక్సీప్రోలిన్‌తో పాటు మిగతా అమైనో ఆమ్లాలు కూడా కావాలన్నప్పుడు. విడగొట్టుడు అదే, చివర కొలిచే యంత్రమే మారుతుంది. గ్లైసీన్ మూడో వంతు దగ్గర ఉందో లేదో చూస్తే మీ చేతిలో ఉన్నది నిజంగా కొల్లాజెనేనా అన్నది కూడా తేలిపోతుంది. ఆ భరోసా గులాబీ రంగు ఇవ్వదు. బయటి ల్యాబ్‌కి పంపేటప్పుడు ఒకటి అడగండి: డెరివటైజేషన్ (అమైనో ఆమ్లాలు యంత్రానికి కనపడేలా వాటికి ఓ రసాయనం అతికించడం) దేనితో చేస్తారు? ఓపీఏ ఒక్కదానితోనే అంటే వద్దు. ఓపీఏ ప్రైమరీ అమైన్లతోనే చర్య జరుపుతుంది. ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్ సెకండరీ అమైన్లు. రిపోర్టు అందంగా వస్తుంది, మీకు కావాల్సిన రెండు మాత్రం అందులో ఉండవు. ఎఫ్‌మాక్, పీఐటీసీ, ఏక్యూసీ లాంటివి వాడేవాళ్లయితే దొరుకుతాయి. నిన్‌హైడ్రిన్ యంత్రమైతే ఈ రెండింటినీ 570 దగ్గర కాకుండా 440 నానోమీటర్ల దగ్గర చదవాలి.

సిరియస్ రెడ్ రంగు పట్టించే కిట్లు

ఎముకకైతే నేను వద్దంటాను. ఆ రంగు కొల్లాజెన్‌కి అంటుకుంటుంది నిజమే, కానీ కొల్లాజెన్ ద్రావణంలోకి రావాలి కదా. పెరిగిన ఎముకలో, డెంటిన్‌లో గొలుసులు అడ్డబంధాలతో గట్టిగా కుట్టుకుపోయి ఉంటాయి. పెప్సిన్, ఎసిటిక్ యాసిడ్ వేసి రోజుల తరబడి కలియబెట్టినా బయటికి వచ్చేది కొంత భాగమే. ఆ కొంత భాగం కూడా వయసును బట్టి, జంతువును బట్టి మారుతుంది. పైగా ఇతర ప్రోటీన్లు కలిస్తే విలువ ఉబ్బుతుంది. కణాలను పెంచి, అవి ఎంత కొల్లాజెన్ వదిలాయో చూసే కల్చర్ పనికి ఈ కిట్లు బావుంటాయి. కల్చర్ వాళ్ల కోసం కొన్న కిట్ ఫ్రిజ్‌లో మిగిలిందని ఎముకకు వాడేయడం నేను తరచూ చూసే పద్ధతి ఎంపిక.

అదే రంగు గాజు పలక మీద కోతలకు పట్టించి పోలరైజ్డ్ కాంతిలో చూడటం వేరే పని. పోగులు ఎటు తిరిగి ఉన్నాయి, ఎక్కడ చిక్కగా ఉన్నాయి అన్నదానికి అది చక్కటి పద్ధతి. ఎరుపు కనిపిస్తే టైప్ 1, పచ్చ కనిపిస్తే టైప్ 3 అని రాసే అలవాటు మాత్రం మానుకోవాలి. పోగు మందం, కోత మందం, పోగు తిరిగిన కోణం మారినా ఆ రంగు మారుతుంది. టైప్ తేల్చాలంటే యాంటీబాడీ వాడాలి.

బూడిద చేసి తూచడం, టీజీఏ, కెల్డాల్

ఇవి చవకవి, మొరటువి, పనికొచ్చేవి. ఎముకని ఆరబెట్టి తూచి, మఫిల్ ఫర్నేస్‌లో 600 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, చల్లారాక బూడిద తూస్తే పోయింది సేంద్రియం, మిగిలింది ఖనిజం. టీజీఏ, అంటే వేడి చేస్తూనే బరువు తగ్గుదల చూసే యంత్రం, ఇదే పని 10, 20 మిల్లీగ్రాములతో చేసి పెడుతుంది: 200 డిగ్రీల లోపు నీళ్లు పోతాయి, అక్కడి నుంచి 550, 600 దాకా సేంద్రియం కాలిపోతుంది, ఆ పైన కార్బొనేట్ విడిపోవడం మొదలవుతుంది. ఆ చివరి మెట్టుని కూడా కొల్లాజెన్‌లో కలిపేసేవాళ్లున్నారు, గ్రాఫ్ చూసి కోసుకోవాలి. ఇలా వచ్చిన సేంద్రియాన్నే కొల్లాజెన్ అనడం మాత్రం ఊకతో సహా తూచి బియ్యం ఇన్ని అని చెప్పడమే. మజ్జలో కొవ్వు మిగిలిపోతే మరీ ఘోరం, అదంతా కొల్లాజెన్ ఖాతాలోకి పోతుంది.

కెల్డాల్ నత్రజని యంత్రం వ్యవసాయ, వెటర్నరీ కాలేజీల్లో ఎలాగూ ఉంటుంది. అక్కడి ఆపరేటర్ అలవాటుగా 6.25తో హెచ్చించి ప్రోటీన్ రాసిస్తాడు. కొల్లాజెన్‌లో నత్రజని ఎక్కువ కాబట్టి దానికి 5.55 వాడాలి. నత్రజని 4 శాతం వచ్చిన ఎముకకు మొదటిది 25 అంటుంది, రెండోది 22.2 అంటుంది. ఈడీటీఏతో ఖనిజం తీసిన నమూనాని మాత్రం కెల్డాల్‌కి పంపకండి. ఈడీటీఏలోనే నత్రజని ఉంది, కడిగినా కొంత మిగులుతుంది.

నా సలహా ఏంటంటే హైడ్రాక్సీప్రోలిన్ చేసే ప్రతివాళ్లూ అదే పొడిలో కొంత బూడిద కూడా చేయండి. ఖర్చు పెద్దగా లేదు. కొల్లాజెన్, బూడిద, నీళ్లు కలిపితే 100కి దగ్గరగా రావాలి. మిగతా ప్రోటీన్లకు, కార్బొనేట్‌కి కొంచెం ఖాళీ ఉంటుంది. మొత్తం 115 వచ్చిందంటే ఎక్కడో తప్పుందని గైడ్ చెప్పక ముందే మీకే తెలుస్తుంది.

ఎఫ్‌టీఐఆర్, రామన్: ఎంత అని కాదు, ఎక్కడ అని అడిగేవాళ్లకు

కాంతి పడ్డప్పుడు అణువులు ఎలా కంపిస్తాయో చూసి పదార్థాన్ని గుర్తుపట్టే పద్ధతులివి. ఈ రెండూ ఇచ్చేది నిష్పత్తి. ఎఫ్‌టీఐఆర్‌లో 900 నుంచి 1200 వేవ్‌నంబర్ల మధ్య ఫాస్ఫేట్ పట్టీ, 1650 దగ్గర ప్రోటీన్‌కి చెందిన అమైడ్ 1 పట్టీ. రామన్‌లో ఫాస్ఫేట్ 960 దగ్గర సూదిలా నిలబడుతుంది, అమైడ్ 1 అక్కడే 1665 చుట్టూ ఉంటుంది. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే ఖనిజానికీ మాతృకకీ (సేంద్రియ భాగానికీ) నిష్పత్తి. అది పెరిగిందంటే ఖనిజం పెరిగిందా, కొల్లాజెన్ తగ్గిందా అన్నది ఆ ఒక్క అంకె నుంచి తేలదు. మరి వీటినెందుకు వాడాలి? నమూనా పాడవకుండా, చిన్న చుక్కంత చోట చూడగలగడం కోసం.

దీనికి మంచి ఉదాహరణ రూట్ కెనాల్‌లో వాడే సోడియం హైపోక్లోరైట్. అది డెంటిన్‌లో కొల్లాజెన్‌ని తినేస్తుందని అందరికీ తెలుసు. ఒక విద్యార్థి డెంటిన్ ముక్కని అందులో ముంచి, తర్వాత ముక్క మొత్తాన్ని విడగొట్టి హైడ్రాక్సీప్రోలిన్ చేస్తే తేడా దాదాపు కనపడకపోవచ్చు. ఎందుకంటే ఆ దెబ్బ తగిలింది పైపొరకి, ముక్క మందంలో అదెంత? ఏటీఆర్ రకం ఎఫ్‌టీఐఆర్ చూసేది పైనున్న ఒకటి రెండు మైక్రాన్లు మాత్రమే కాబట్టి అదే ముక్క మీద అమైడ్ పట్టీ పడిపోవడం స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ హైడ్రాక్సీప్రోలిన్ తప్పు పద్ధతి, ఏటీఆర్ సరైనది. ముక్కని బాగా ఆరబెట్టాలి, నీళ్ల పట్టీ 1640 దగ్గర వచ్చి అమైడ్ 1 మీద కూర్చుంటుంది.

బాండింగ్ ఏజెంట్ల (పంటికి ఫిల్లింగ్‌ని అతికించే రెజిన్ల) మీద పనిచేసే వాళ్లకు ఇంకో అడ్డంకి. మెథాక్రిలేట్ రెజిన్‌లోని కార్బన్ జంటబంధం సరిగ్గా 1638 దగ్గర పలుకుతుంది. రెజిన్ ఇంకిన డెంటిన్‌లో 1650 దగ్గర కనిపించేదంతా కొల్లాజెన్ అని లెక్క కడితే రెజిన్‌నే కొలుస్తున్నట్టు. అలాంటి చోట రామన్‌తో హైబ్రిడ్ పొర (రెజిన్, డెంటిన్ కలిసిపోయిన పొర) పొడవునా పటం గీయించుకుని, అమైడ్ 3 లాంటి ఇంకో ప్రోటీన్ పట్టీని కూడా జతగా చూసుకోవాలి. రామన్‌కి తన గొడవ తనకుంది: లేజర్ తగిలి నమూనా తానే వెలుగు చిమ్మి (ఫ్లోరసెన్స్) గ్రాఫ్ కొండలా లేస్తుంది. 785 నానోమీటర్ల లేజర్‌తో ఆ బాధ కాస్త తగ్గుతుంది. పోగులు తిరిగిన దిశను బట్టి కూడా పట్టీల ఎత్తు మారుతుంది కాబట్టి ప్రతి ముక్కనీ ఒకే దిశలో కోసి పెట్టాలి.

కొల్లాజెన్ ఎంత ఉంది కాదు, ఎంత కరిగిపోయింది అన్నది ప్రశ్న అయితే

డెంటల్ థీసిస్‌లలో ఇది ఎక్కువ. ఖనిజం తీసిన డెంటిన్ కడ్డీలను ద్రావణంలో వారాల తరబడి ఉంచి, లోపలి ఎంజైములు ఎంత కొరికాయో చూడటం. కడ్డీ ఎండు బరువు తగ్గుదల ఒకటి చాలదు, ద్రావణంలోకి వచ్చిన హైడ్రాక్సీప్రోలిన్ కూడా కొలవండి. ఏ ఎంజైము చేసిన పనో కావాలంటే ఎలైజా (యాంటీబాడీతో పట్టే పరీక్ష) వైపు వెళ్లాలి: కొల్లాజెన్ తెగినప్పుడు వచ్చే ఐసీటీపీ ముక్క ఎంఎంపీ ఎంజైముల గుర్తు, సీటీఎక్స్ ముక్క కెథెప్సిన్-కె ఎంజైము గుర్తు. ఎలైజా పట్టేది ఒక చిన్న ముక్కని, కాబట్టి దాన్నుంచి మొత్తం కొల్లాజెన్ లెక్క కట్టకూడదు.

ఈ పనికైనా, పై వాటికైనా పీకిన పళ్లను ఎలా దాచారన్నది ముఖ్యం. ఫార్మలిన్‌లో పడేసిన పళ్లు వద్దు, అది కొల్లాజెన్ గొలుసుల్ని ఒకదానికొకటి కట్టేస్తుంది. ఆటోక్లేవ్ చేసినవీ వద్దు, ఆ వేడికి, ఆ ఒత్తిడికి కొల్లాజెన్ కొంత జెలటిన్‌గా మారుతుంది. డెంటల్ పరీక్షల అంతర్జాతీయ ప్రమాణం క్లోరమిన్-టిలో ఎక్కువలో ఎక్కువ వారం ఉంచి, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో 4 డిగ్రీల దగ్గర పెట్టమంటుంది. ఆ క్లోరమిన్-టి మీ రంగు పరీక్షలో వాడేదే. బాగా కడగకుండా పరీక్షలోకి తేకండి.

పాత ఎముకలు

తవ్వకాల్లో దొరికిన ఎముకకు కొల్లాజెన్ కొలిచేది అది ఎంత బాగుందో తెలుసుకుని, కార్బన్ డేటింగ్‌కో ఐసోటోపులకో పంపాలా వద్దా అని నిర్ణయించడానికి. ఇక్కడ హైడ్రాక్సీప్రోలిన్ కాకుండా నత్రజని మొదటి జల్లెడ. తాజా ఎముకలో 4 శాతం దగ్గర ఉండే నత్రజని 0.76 శాతం కన్నా తగ్గిపోతే డేటింగ్‌కి చాలినంత కొల్లాజెన్ వచ్చే అవకాశం తక్కువని రేడియోకార్బన్ ల్యాబుల అనుభవం. కొన్ని మిల్లీగ్రాముల పొడితో ఆ సంగతి తేలిపోతుంది, విలువైన ఎముకంతా ఖర్చు కాదు. అసలు పొడే చేయకూడదంటే నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతితో తాకకుండా అంచనా వేసే పద్ధతి ఉంది.

జల్లెడ దాటినవాటిని పలచటి యాసిడ్‌లో ఖనిజం తీసి, పీహెచ్ 3 దగ్గర వేడి చేసి జెలటిన్‌గా కరిగించి, వడగట్టి, ఫ్రీజ్ డ్రై చేసి తూస్తారు. మొదటి బరువులో 1 శాతం మించి వస్తే ముందుకు పోవచ్చు. అయితే బరువు ఒక్కటి చూసి సంబరపడకూడదు. కార్బన్, నత్రజని పరమాణువుల నిష్పత్తి 2.9 నుంచి 3.6 మధ్య ఉండాలి. అది దాటితే మట్టిలోని సేంద్రియాలు కలిశాయన్నమాట. మ్యూజియంలో ఏళ్ల కిందట విరిగిన ఎముకను జంతువుల తోలు, ఎముకలు ఉడికించి చేసిన బంకతో అతికించి ఉంటే నిష్పత్తి కూడా కాపాడదు, ఎందుకంటే ఆ బంక కూడా కొల్లాజెనే. రికార్డు పుస్తకం తిరగేసి, ఎప్పుడు ఏం పూశారో ముందు కనుక్కోవాలి.

మన వేడి నేలల్లో ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. హరియాణాలోని సింధు నాగరికత స్థలం రాఖీగఢీలో 61 నమూనాలు వెతికితే డీఎన్‌ఏ ఒక్కదాంట్లోనే దొరికిందని 2019లో వచ్చింది. డీఎన్‌ఏ, కొల్లాజెన్ ఒకటి కాకపోయినా రెండింటినీ తినేది ఆ వేడీ తేమే. అదే ఏడాది, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న హిమాలయాల రూప్‌కుండ్ సరస్సు అధ్యయనంలో 5 వేల మీటర్ల ఎత్తున మంచులో పడున్న ఎముకల నుంచి 38 మంది జన్యువివరాలు, ఎముకల తేదీలు, ఐసోటోపులు కూడా వచ్చాయి. తెలంగాణ మెగాలిథిక్ (పెద్ద రాళ్లతో కట్టిన ప్రాచీన) సమాధుల ఎముకలతో పనిచేసేవాళ్లు నత్రజని జల్లెడకి ముందు పెద్ద బడ్జెట్ రాసుకోకపోవడం మంచిది. ఎముక పోయినా పన్ను మిగిలితే దాన్ని చూడండి, ఎనామెల్ కప్పు కింద డెంటిన్‌లో కొల్లాజెన్ కొన్నిసార్లు ఇంకా మిగిలి ఉంటుంది.

బయటి ల్యాబ్‌కి ఇచ్చేటప్పుడు

నమూనా ఇచ్చే ముందే, డబ్బు కట్టక ముందే ఇవి రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోండి: విడగొట్టే సమయం, వాడే గుణకం, హారం ఏది, స్టాండర్డ్ కర్వ్ రీడింగులు, బ్లాంక్ (నమూనా వేయని ట్యూబ్) రీడింగులు. "కొల్లాజెన్ 21.4 శాతం" అని ఒక్క వరుస ఉన్న రిపోర్టు ఇస్తామంటే ఇంకో ల్యాబ్ చూసుకోండి. మీరు పంపే డబ్బాల్లో ఒకే పొడిని రెండు వేర్వేరు నంబర్లతో పెట్టండి, ఎవరికీ చెప్పకండి. రెండు జవాబులూ 5 శాతం తేడా లోపల వస్తే ఆ ల్యాబ్ పనితనం మంచిదే. ఒకే పన్ను పొడిని మూడుసార్లు చదివించి ఎన్ (నమూనాల సంఖ్య) 3 అని రాయకండి. పన్ను ఒకటే కాబట్టి ఎన్ కూడా ఒకటే. నమూనాల సంఖ్య మీ స్టాటిస్టీషియన్‌తో మాట్లాడి, పళ్లు సేకరించడం మొదలుపెట్టక ముందే తేల్చుకోండి. ఎథిక్స్ కమిటీ ఫారంలో కూడా అదే సంఖ్య వెళ్లాలి.